షీట్ల మధ్య లెక్క తెగేది ఎక్కడ?

నెల్లూరు తీరం వెంబడి ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల్లో వనామీ రొయ్యలు సాగుచేసేవారిలో, చిట్టా పుస్తకం వదిలి ఎక్సెల్‌లో లెక్కలు రాసుకునేవారి ఫైళ్లు ఇంచుమించు ఒకే పద్ధతిలో ఉంటాయి. ఏ గుంటకు ఏ రోజు ఎన్ని కిలోల మేత వేశారో ‘మేత’ అనే షీట్‌లో, వల విసిరి తూకం వేసిన రొయ్యల సగటు బరువు ‘శాంపిల్’ షీట్‌లో, కౌంట్‌ను, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సంఖ్యను, బట్టి కొనుగోలుదారులు చెప్పే రేట్లు ‘ధరలు’ షీట్‌లో ఉంటాయి. ఈ మూడింటి నుంచి అంకెలు తెచ్చుకుని లాభనష్టాలు తేల్చేది ‘మొత్తం’ షీట్. రైతు గానీ, అతనికి పెట్టుబడి ఇచ్చినవారు గానీ చూసేది ఈ చివరి షీట్‌నే. తేడా వచ్చినప్పుడు కూడా అందరి చూపూ దానిమీదే పడుతుంది. అక్కడి ఫార్ములాను చెరిపి మళ్లీ రాస్తారు, కాలమ్ వెడల్పు పెంచి చూస్తారు, చివరికి విసుగెత్తి కాలిక్యులేటర్‌తో లెక్కవేసి వచ్చిన అంకెను నేరుగా సెల్‌లో టైపు చేస్తారు. ఈ చివరి పని అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ క్షణం నుంచి ఆ సెల్‌కు మిగతా షీట్లతో సంబంధం తెగిపోతుంది, అయినా పైకి అది ఫార్ములా ఉన్న సెల్‌లాగే కనిపిస్తుంది.

షీట్ల మధ్య నడిచే లెక్కల్లో దోషం బయటపడే చోటు వేరు, పుట్టే చోటు వేరు. పుట్టినచోటికి వెళ్లడానికి ముందు, ఆ దోషం ఏ జాతిదో తెలియాలి. హాష్ గుర్తుతో మొదలయ్యే సందేశం చూపించేవి ఒక జాతి. ఏ సందేశమూ లేకుండా నమ్మదగినట్టుండే తప్పు అంకెను చూపించేవి రెండో జాతి. మొదటివాటిని చూసి జనం భయపడతారు గానీ, నష్టం తెచ్చేవి రెండోవి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వాటికే కేటాయిస్తున్నాను.

ఒక చిన్న వివరణ: ఇక్కడ సెల్ చిరునామాలను, ఫంక్షన్ పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. కంప్యూటరులో మాత్రం కాలమ్ అక్షరాలను, ఫంక్షన్ల పేర్లను ఇంగ్లీషులోనే టైపు చేయాలి. షీట్ పేరు తెలుగులో ఉండటానికి అభ్యంతరం లేదు.

లింకు అంటే చిరునామా, విలువ కాదు

‘మొత్తం’ షీట్‌లోని ఒక సెల్‌లో “=మేత!సి12” అని రాసినప్పుడు మనం ఎక్సెల్‌కు అందించేది అంకెను కాదు, ఆ అంకె ఉండే చోటును. ఆశ్చర్యార్థకం గుర్తుకు ముందున్నది షీట్ పేరు, తరువాతది ఆ షీట్‌లోని సెల్. వీధిలో ఇంటి నంబరు ఇచ్చి ఉత్తరం పంపినట్టే ఇదీ: ఆ ఇంట్లో నిన్న ఉన్నవారు ఖాళీ చేసి ఇంకొకరు చేరితే ఉత్తరం కొత్తవారికే అందుతుంది. ‘మేత’ షీట్‌ను తేదీల వారీగా ఉన్నదాన్ని గుంటల వారీగా సార్ట్ చేశామనుకుందాం. పన్నెండో వరుసలో అంతకుముందు మూడో గుంట ఉంటే ఇప్పుడు ఒకటో గుంట ఉండవచ్చు. ‘మొత్తం’ షీట్ మాత్రం పన్నెండో వరుసనే చదువుతుంది, ఎదురుగా ‘మూడో గుంట’ అని రాసి ఉన్న చోట ఒకటో గుంట మేతను చూపిస్తుంది. ఎర్రర్ రాదు, ఎక్కడా రంగు మారదు.

అయితే ఒక సెల్‌ను కట్ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే, దానికి ఉన్న లింకులన్నీ దాని వెంటే కొత్త చోటుకు మారిపోతాయి. కాపీ చేసి పేస్ట్ చేస్తే లింకులు పాత చోటులోనే ఉంటాయి. కట్ చేసిన సెల్‌ను, ఇప్పటికే లింకులున్న ఇంకో సెల్‌మీద పేస్ట్ చేస్తే ఆ రెండో సెల్‌ను నమ్ముకున్న ఫార్ములాలన్నీ #రెఫ్! (చూపిన చోటు ఇక లేదన్న సందేశం) అవుతాయి. మూడూ పైకి ఒకే పనిలా ఉంటాయి గానీ ఫలితాలు మూడు రకాలు. ఇతర షీట్లు ఆధారపడిన షీట్‌లో అంకెలను జరపవలసి వస్తే కట్ జోలికి పోకుండా, కాపీ చేసి పేస్ట్ చేశాక పాతచోట ఉన్నదాన్ని డిలీట్ కీతో చెరిపి, ఆపైన లింకులను చేతితో సరిచూసుకోవడమే మంచిది.

షీట్ పేరులో ఖాళీ ఉన్నా, పేరు అంకెతో మొదలైనా, హైఫన్ వంటి గుర్తులున్నా పేరును ఒంటి కోట్ల మధ్య పెట్టాలి: “='మేత నిల్వ'!సి12”. కోట్లు లేకపోతే ఎక్సెల్ ఫార్ములాను తీసుకోదు, లేదా #నేమ్? (ఈ పేరు తెలియదు) అంటుంది. నెలల పేర్లతో షీట్లు పెట్టేవారికి ఇక్కడ ఒక వింత చిక్కు ఎదురవుతుంది. జనవరి 2024ను కుదించి ఇంగ్లీషులో జే, ఏ, ఎన్ అక్షరాల తరువాత 24 అని రాస్తే అది నిజంగానే ఒక సెల్ చిరునామా, ఎందుకంటే ఎక్సెల్‌లో కాలమ్‌లు మొత్తం 16,384, వాటి పేర్లు ఎక్స్‌ఎఫ్‌డీ అనే మూడక్షరాల దాకా సాగుతాయి. అలాంటి పేరునూ కోట్లలోనే పెట్టాలి. అవసరం లేనిచోట కోట్లు పెట్టినా నష్టం లేదు గనుక, చేతితో టైపు చేసేవారు ఎప్పుడూ పెట్టేయవచ్చు. అసలు చేతితో టైపు చేయకపోవడం ఇంకా మేలు: సమానం గుర్తు కొట్టి, కావలసిన షీట్‌కు వెళ్లి, సెల్‌ను క్లిక్ చేసి ఎంటర్ నొక్కితే పేరూ కోట్లూ వాటంతట అవే సరిగా పడతాయి. షీట్ పేరును ఒక్క అక్షరం తప్పుగా టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని ఏదో వేరే ఫైల్‌లోని షీట్ అనుకుని ఫైలును ఎంచుకొమ్మని పెట్టె తెరుస్తుంది. చాలామంది దాన్ని చూసి కంగారుపడి ఏదో ఒక ఫైలును ఎంచుకుంటారు. చేయవలసింది క్యాన్సిల్ కొట్టి అక్షరదోషం దిద్దడం.

ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్ వాడేవారికి గుర్తులు మారతాయి. అందులో ఆశ్చర్యార్థకం బదులు చుక్క ఉంటుంది, షీట్ పేరు ముందు డాలర్ గుర్తు ఉంటేనే ఆ పేరు స్థిరంగా ఉంటుంది. డాలర్ లేని ఫార్ములాను పక్క షీట్‌లోకి కాపీ చేస్తే, వరుసలూ కాలమ్‌లూ జరిగినట్టే షీట్ కూడా ఒకటి జరిగిపోతుంది. ఎక్సెల్‌కు అలవాటుపడినవారు ఊహించని సంగతి ఇది.

తక్కువ మేత చూపించే తప్పు

ఎఫ్‌సీఆర్ అంటే కిలో రొయ్యల దిగుబడికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క. ఒక గుంటకు పంట కాలమంతా కలిపి 7,800 కిలోల మేత వేశారనీ, 6,000 కిలోల రొయ్యలు పట్టారనీ అనుకుంటే ఎఫ్‌సీఆర్ 1.3 వస్తుంది. ‘మొత్తం’ షీట్‌లోని ఫార్ములా “=సమ్(మేత!సి2:సి90)” అని ఉందనుకుందాం. పంట మొదట్లో ఎవరో తొంభయ్యో వరుస దాకా చాలులే అనుకున్నారు. పంట అనుకున్నదానికన్నా కొన్నాళ్లు ఎక్కువ సాగింది, చివరి రోజుల్లో వేసిన 1,200 కిలోలు తొంభై ఒకటో వరుస నుంచి కిందికి నమోదయ్యాయి. ఫార్ములాకు అవి కనిపించవు. మేత 6,600 కిలోలుగానూ, ఎఫ్‌సీఆర్ 1.1గానూ తేలుతుంది.

ఈ అంకెలో గమనించవలసింది అది తప్పు కావడమే కాదు, సంతోషపెట్టే తప్పు కావడం. ఎఫ్‌సీఆర్ 1.9 అని వచ్చి ఉంటే రైతు అదే రోజు ఫైలంతా తిరగేసేవాడు. 1.1 వస్తే మేత బాగా పనిచేసిందని అనుకుంటాడు, వచ్చే పంటకూ అదే మేత తెప్పిస్తాడు. పెద్ద సంస్థలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. జేపీ మోర్గాన్ ఛేజ్ బ్యాంకు లండన్ కార్యాలయంలో 2012లో జరిగిన భారీ నష్టంపై ఆ బ్యాంకే 2013లో వెలువరించిన నివేదిక ప్రకారం, నష్టభయాన్ని అంచనావేసే నమూనా ఎక్సెల్ షీట్లమీద నడిచింది, ఒక షీట్ నుంచి ఇంకోదానికి అంకెలను చేతితో కాపీ చేసి పేస్ట్ చేసేవారు. ఒకచోట సగటుతో భాగించవలసింది మొత్తంతో భాగించారు. దానివల్ల నష్టభయం ఉన్నదానికన్నా తక్కువగా కనిపించింది. ఎక్కువగా కనిపించి ఉంటే ఆ భాగహారాన్ని ఎవరో ఒకరు ముందే పట్టుకునేవారని నా అనుమానం.

పరిధి చాలకపోవడానికి మందు రెండు రకాలు. ‘మేత’ షీట్‌లోని వివరాలను ఎంచుకుని కంట్రోల్, టి కీలు కలిపి నొక్కితే అది టేబుల్‌గా మారుతుంది. కింద కొత్త వరుస రాసినప్పుడల్లా టేబుల్ తనంతట తాను పెరుగుతుంది, దానిమీద ఆధారపడిన ఫార్ములాలు కూడా ఆ వరుసను కలుపుకుంటాయి. లేదా కాలమ్ మొత్తాన్నీ “=సమ్(మేత!సి:సి)” అని సూచించవచ్చు. ఈ రెండో పద్ధతిలో ఒక గుంత ఉంది: అదే కాలమ్‌లో మధ్యమధ్య వారానికోసారి ఉపమొత్తాలు వేసే అలవాటుంటే ఆ అంకెలు రెండుసార్లు కలుస్తాయి, ఈసారి మేత రెట్టింపవుతుంది. నమోదు షీట్‌లో మొత్తాలు వేయకూడదన్న నియమం పెట్టుకున్నవారికే కాలమ్ పద్ధతి పనికొస్తుంది. పరిధి మధ్యలో వరుసను చొప్పిస్తే ఫార్ములా దానంతట అదే పెరుగుతుందనీ, చివరి వరుస కింద రాసినదానికి ఆ హామీ లేదనీ గుర్తుంచుకుంటే, ఈ తేడా ఎక్కడ మొదలైందో వెతకడం సులువవుతుంది.

ఖాళీ సెల్ కూడా ఇలాంటి నిశ్శబ్దపు మాయే. ‘శాంపిల్’ షీట్‌లో ఆ వారం తూకం వేయకపోతే సెల్ ఖాళీగా ఉంటుంది, దానికి లింకైన సెల్ మాత్రం సున్నా చూపిస్తుంది. సగటు తీసే ఫంక్షన్ ఖాళీలను లెక్కలోకి తీసుకోదు, సున్నాలను తీసుకుంటుంది. నేరుగా ‘శాంపిల్’ షీట్‌లో సగటు తీస్తే 18 గ్రాములు వచ్చింది, లింకుల ద్వారా ‘మొత్తం’ షీట్‌లో తీస్తే అంతకన్నా తక్కువ వచ్చిందంటే కారణం ఇదే అయి ఉంటుంది. మూలం ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉంచమని ‘ఇఫ్’ ఫంక్షన్‌తో చెప్పవచ్చు. కానీ ఆ ఖాళీ నిజమైన ఖాళీ కాదు, అక్షరాలు లేని పాఠ్యం. దాన్ని ప్లస్ గుర్తుతో కూడబోతే #వాల్యూ! (ఇది లెక్కకు పనికొచ్చే విలువ కాదు) అన్న సందేశం వస్తుంది. కాబట్టి కూడికలకు ‘సమ్’నే వాడాలి.

అంకెలా కనిపించే అక్షరాలు

నెల్లూరు ప్రాంతంలో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. రైసు మిల్లు లెక్కల్లో ఒక షీట్ పుట్లలో, ఇంకో షీట్ క్వింటాళ్లలో ఉండటం సహజం. మార్పిడికి వాడే 850ని ఒకే ఒక్క సెల్‌లో ఉంచి, మిగతా షీట్లన్నీ దానికే లింకై ఉండాలి. ఆ సెల్‌లో చదివేవారి సౌకర్యం కోసం “850 కిలోలు” అని టైపు చేస్తే మాత్రం ఎక్సెల్ దృష్టిలో అది అంకె కాకుండా పోతుంది, దానితో గుణించే ప్రతి ఫార్ములా #వాల్యూ! అంటుంది. ప్రమాణం పేరు పక్క సెల్‌లో రాయాలి, లేదా సెల్ ఫార్మాట్‌లో పెట్టాలి.

ఇది సందేశం ఇచ్చే తప్పు గనుక తేలికగా దొరుకుతుంది. దొరకనిది ఇంకొకటి ఉంది. కాటా సాఫ్ట్‌వేర్ నుంచో, పీడీఎఫ్ బిల్లు నుంచో తెచ్చి పేస్ట్ చేసిన అంకెలు చాలాసార్లు పాఠ్యంగా వచ్చి పడతాయి. సెల్‌లో ఎడమవైపుకు ఒరిగి ఉండటం, మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపించడం వీటి ఆనవాళ్లు. ‘సమ్’ ఫంక్షన్ ఇలాంటి సెల్‌లను చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అవే సెల్‌లను ప్లస్ గుర్తుతో కూడితే ఎక్సెల్ వాటిని అంకెలుగా మార్చి కలుపుతుంది. ఒకే సెల్‌లను రెండు పద్ధతుల్లో కూడితే రెండు జవాబులు వస్తే, కంప్యూటరు పాడైందని అనుకోనక్కర లేదు. ఆ కాలమ్‌ను ఎంచుకుని డేటా మెనూలోని ‘టెక్స్ట్ టు కాలమ్స్’ తెరిచి నేరుగా ఫినిష్ నొక్కితే చాలావరకు అంకెలుగా మారిపోతాయి.

తేదీలది మరో రకం బాధ. కంప్యూటరు ప్రాంతీయ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే మనం మార్చి 5 అనుకుని కొట్టిన 05-03-2024ను అది మే 3గా తీసుకుంటుంది. ఎక్సెల్ లోపల తేదీ అంటే ఒక వరుస సంఖ్య మాత్రమే: మార్చి 5 అయితే 45356, మే 3 అయితే 45415. నెలలో 13వ తేదీ నుంచి మాత్రం పదమూడో నెల లేదు గనుక అవి తేదీలు కాలేక పాఠ్యంగా మిగిలిపోతాయి. అందువల్ల తేదీని బట్టి మేతను కూడే ‘సమ్‌ఇఫ్స్’ ఫార్ములాలో ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల్లో, రోజూ నెలా ఒకే అంకె అయిన ఒక్కరోజు తప్ప, మిగతావాటి అంకెలు వేరే నెలల్లోకి వెళతాయి, తక్కినవి ఏ నెలలోనూ చేరవు. నెలవారీ మేత విచిత్రంగా చెల్లాచెదురైతే ముందు ఈ ఒక్క సంగతినే చూడండి.

తెలుగులో పేర్లు రాసేవారికి అదనంగా కొన్ని ఇబ్బందులున్నాయి. డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లతో టైపు చేయించిన జాబితా తెరమీద తెలుగులాగే కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ మాత్రమే. యూనికోడ్‌లో టైపు చేసిన ‘అల్లూరు’తో దాన్ని ఎన్ని రకాలుగా పోల్చినా కలవదు. ఫాంటును మార్చి చూస్తే రహస్యం వెంటనే బయటపడుతుంది. యూనికోడ్‌లోనే ఉన్న రెండు పేర్లు కలవనప్పుడు వాటి పొడవును ‘లెన్’ ఫంక్షన్‌తో కొలవాలి. ‘రొయ్యలు’ అన్న మాటకు అది 7 అని చెబుతుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులనూ, పొల్లునూ అది విడివిడిగా లెక్కపెడుతుంది. ఆ సంఖ్య ఎంతన్నది ముఖ్యం కాదు. చూడటానికి ఒకటిగా ఉన్న రెండు మాటలకు రెండు సంఖ్యలు వస్తే ఒకదానిలో కంటికి కనిపించని అక్షరమో, చివర ఖాళీయో ఉన్నట్టు. మామూలు ఖాళీలను ‘ట్రిమ్’ తీసేస్తుంది. వెబ్ పేజీల నుంచి వచ్చే విడదీయరాని ఖాళీని, అంటే 160వ నంబరు అక్షరాన్ని, ‘ట్రిమ్’ ముట్టుకోదు. దాన్ని ‘సబ్‌స్టిట్యూట్’తో మార్చుకోవాలి.

కౌంటుకు రేటు వెతకడం

సగటు బరువు గ్రాములలో తెలిస్తే 1000ని దానితో భాగించి కౌంట్ తెలుసుకోవచ్చు: 20 గ్రాముల రొయ్య అంటే కిలోకు 50, అంటే 50 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ‘ధరలు’ షీట్‌లో 30, 40, 50 అంటూ 100 దాకా కౌంట్లు, పక్కన రేట్లు ఉంటాయి. ‘శాంపిల్’ నుంచి కౌంట్‌ను తీసుకుని ‘ధరలు’ నుంచి రేటును తెచ్చే పని ‘వీలుకప్’ ఫంక్షన్‌ది, షీట్ల మధ్య జరిగే పొరపాట్లలో పెద్ద వాటా కూడా దానిదే.

ఈ ఫంక్షన్‌లో నాలుగో అంశం రాయకుండా వదిలేస్తే, సరిగ్గా అదే అంకె దొరక్కపోయినా దగ్గరి అంకెతో సరిపెట్టుకొమ్మని చెప్పినట్టు. కౌంట్ 47 అయితే 47కు మించని అంకెల్లో పెద్దది 40 గనుక 40 కౌంట్ రేటు వస్తుంది. గుంట దగ్గర బేరంలో 47 కౌంట్ సరుకుకు నిండు 40 రేటు కట్టే కొనుగోలుదారు ఉండడు. కాగితంమీద ఆదాయం ప్రతిసారీ కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. మళ్లీ అదే సంతోషపెట్టే తప్పు. నాలుగో అంశంగా ‘ఫాల్స్’ రాస్తే 47కు #ఎన్/ఏ (వెతికినది దొరకలేదు) వస్తుంది, అదీ పనికిరాదు. ఎక్సెల్ 2021లోనూ, మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉన్న ‘ఎక్స్‌లుకప్’లో, దొరక్కపోతే తరువాతి పెద్ద అంకెను తీసుకొమ్మని చెప్పే వీలుంది, అప్పుడు 50 కౌంట్ రేటు వస్తుంది, అంచనా జాగ్రత్తవైపు ఒరుగుతుంది. రెండింటి మధ్య రేటును నిష్పత్తిలో పంచడం ఇంకా నిఖార్సైన పని, అయితే అది కొనుగోలుదారుతో ఏ పద్ధతి మాట్లాడుకున్నారన్నదానిమీద ఆధారపడుతుంది.

దగ్గరి అంకెతో సరిపెట్టే పద్ధతిలో ‘వీలుకప్’ పట్టికను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు సార్ట్ అయి ఉన్నట్టే భావిస్తుంది. రేట్లను 100 కౌంట్ నుంచి కిందికి రాసిన పట్టికలో అది కొన్ని కౌంట్లకు #ఎన్/ఏ అంటుంది, కొన్నిటికి ఏ సంబంధమూ లేని రేటు తెస్తుంది. పైగా ఎన్నో కాలమ్ నుంచి తేవాలన్నది ఈ ఫంక్షన్‌లో మామూలు అంకెగా ఉంటుంది. ‘ధరలు’ షీట్‌లో ఎవరైనా మధ్యలో తేదీ కోసం ఒక కాలమ్ చొప్పిస్తే ఫార్ములాలోని 2 అనే అంకె 2గానే ఉండిపోతుంది, రేటు బదులు తేదీ వరుస సంఖ్య వస్తుంది. కిలో రొయ్యలు 45 వేల రూపాయలకు పైగా పలికినట్టు కనిపిస్తే నవ్వుకోకుండా కొత్త కాలమ్ ఎక్కడ చేరిందో చూడాలి.

ఫార్ములాను కిందికి లాగినప్పుడు పట్టిక చిరునామా కూడా జరిగిపోకుండా డాలర్ గుర్తులు అవసరం. సెల్ చిరునామామీద కర్సర్ ఉంచి ఎఫ్4 నొక్కితే అవి పడతాయి. డాలర్లు లేకపోతే మొదటి గుంటకు సరైన రేటే వస్తుంది. కిందికి పోయేకొద్దీ పట్టిక పైనుంచి ఒక్కో వరుస జారిపోయి చివరి గుంటల దగ్గర లెక్క చెడుతుంది. మొదటి వరుసను మాత్రమే సరిచూసి సంతృప్తిపడేవారికి ఇది ఎన్నటికీ దొరకదు.

అరిచే తప్పులు

#రెఫ్! సందేశం వచ్చిన ఫార్ములాను తెరిస్తే అందులోనే ఆధారం దొరుకుతుంది. “=మేత!#రెఫ్!” అని ఉంటే షీట్ బతికే ఉంది, దానిలోని వరుసో కాలమో తొలగించారు. “=#రెఫ్!సి12” అని ఉంటే షీటే పోయింది, సెల్ చిరునామా మాత్రం మిగిలింది. కంప్యూటరులో వాడే ఎక్సెల్‌లో షీట్‌ను తొలగించాక అన్‌డూతో వెనక్కి తెచ్చుకునే వీలు సాధారణంగా ఉండదు, లిబ్రేఆఫీస్‌లో ఉంటుంది. అప్పటికింకా సేవ్ చేయకపోతే, సేవ్ చేయకుండానే మూసి తెరవడం అతి చవకైన వైద్యం. సేవ్ అయిపోయి ఉంటే పాత కాపీ నుంచి ఆ షీట్‌ను తెచ్చి అదే పేరు పెట్టాలి. పేరు కలిసినంతమాత్రాన ఫార్ములాలు కోలుకోవు. ‘ఫైండ్ అండ్ రీప్లేస్’లో, ఫార్ములాల లోపల వెతకమని చెప్పి, ‘#రెఫ్!’ ఉన్నచోట ‘మేత!’ అని పెట్టించాలి. సెల్ చిరునామా మిగిలే ఉంది గనుక లింకు మళ్లీ అతుక్కుంటుంది. రెండు షీట్లు పోయి ఉంటే మాత్రం ఏ #రెఫ్! ఏ షీట్‌దో ఫార్ములా చెప్పదు, ఒక్కొక్కటీ చూసుకోవలసిందే.

షీట్ పేరు మారిస్తే మామూలు లింకులన్నీ వాటంతట అవే కొత్త పేరుకు మారతాయి. ‘ఇండైరెక్ట్’ ఫంక్షన్‌లో మాత్రం షీట్ పేరు కోట్ల మధ్య ఉన్న పాఠ్యం గనుక మారదు, #రెఫ్! వస్తుంది. గూగుల్ షీట్స్‌లో వేరే ఫైలు నుంచి అంకెలు తెచ్చే ‘ఇంపోర్ట్‌రేంజ్’ పరిస్థితీ అంతే. దానికి తోడు మొదటిసారి అనుమతి ఇవ్వకపోయినా అక్కడ #రెఫ్! అనే వస్తుంది. తన ఫలితంమీద తానే ఆధారపడి చక్రంలా తిరిగే లెక్కకూ గూగుల్ షీట్స్ #రెఫ్! అంటుంది. ఎక్సెల్ ఆ సందర్భంలో ఒక హెచ్చరిక చూపించి సున్నా పెడుతుంది, ఆ హెచ్చరికను ఒకసారి మూసేసినవారికి సున్నా ఒక్కటే మిగులుతుంది.

వరుస షీట్లను ఒకే ఫార్ములాతో కూడే సౌకర్యం ఎక్సెల్‌లో ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి పొగాకు వేలం కేంద్రాలకు ఒక్కో షీట్ పెట్టి, ప్రతిదానిలో బి5లో అమ్మిన బేళ్ల సంఖ్య రాస్తే, “=సమ్(ఒంగోలు:పొదిలి!బి5)” నాలుగింటినీ కలుపుతుంది. అయితే ఇది పేర్లను కాదు, ట్యాబ్‌ల వరుసను చూస్తుంది. కొండపి ట్యాబ్‌ను ఎవరైనా పొదిలికి అవతలికి లాగితే ఆ బేళ్లు మొత్తంలోంచి మాయమవుతాయి; ఈ రెండింటి మధ్య సంబంధం లేని షీట్ చేరితే దాని బి5 కూడా కలిసిపోతుంది. గూగుల్ షీట్స్‌లో ఈ సౌకర్యం లేదు.

ఇక వేరే ఫైళ్లకు లింకులు. వాట్సాప్‌లో ఫైలు పంపినప్పుడల్లా చేరేది ఒక నకలు. ‘ధరలు’ ఒక ఫైలుగా, ‘మొత్తం’ ఇంకో ఫైలుగా ఉంటే, అందుకున్నవారి కంప్యూటరులో ఆ దారి ఉండదు. ఎక్సెల్ చివరిసారి గుర్తుంచుకున్న పాత రేటునే చూపిస్తుంది, లేదా లింకులను అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంది. మూలం ఫైలు మూసి ఉన్నప్పుడు మామూలు లింకు పనిచేస్తుంది గానీ ‘సమ్‌ఇఫ్’, ‘కౌంట్‌ఇఫ్’ #వాల్యూ! అంటాయి, ‘ఇండైరెక్ట్’ #రెఫ్! అంటుంది. రోజూ మారే రేట్లను వేరే ఫైలులో పెట్టి లింకు చేయడం చిన్న రైతుకు అనవసరమైన తలనొప్పి అని నా అభిప్రాయం. అన్నీ ఒకే ఫైలులో వేర్వేరు షీట్లుగా ఉంచితే సగం చిక్కులు పుట్టవు.

మూలం దాకా నడవడం

అనుమానం వచ్చిన సెల్‌మీద ఉండి కంట్రోల్, ఎడమ చదరపు బ్రాకెట్ కీలు నొక్కితే ఎక్సెల్ ఆ ఫార్ములా ఆధారపడిన సెల్‌కు, అది వేరే షీట్‌లో ఉన్నా, తీసుకెళుతుంది. ఎఫ్5 నొక్కి ఎంటర్ కొడితే తిరిగి వస్తాం. ఫార్ములాల మెనూలోని ‘ట్రేస్ ప్రిసిడెంట్స్’ వేరే షీట్ ఆధారాలను చుక్కల గీతతో, చివర చిన్న పట్టిక బొమ్మతో చూపిస్తుంది. ఆ గీతను రెండుసార్లు క్లిక్ చేస్తే ఆధారాల జాబితా తెరుచుకుంటుంది. పొడవైన ఫార్ములాలో ఏ ముక్క చెడిందో తెలియకపోతే ఫార్ములా బార్‌లో ఆ ముక్కను మాత్రమే ఎంచుకుని ఎఫ్9 నొక్కాలి, దాని విలువ కనిపిస్తుంది. తరువాత ఎస్కేప్ నొక్కడం మరిచిపోతే ఆ విలువే ఫార్ములాలో స్థిరపడిపోతుంది. ఫార్ములాల మధ్య ఎవరైనా చేతితో టైపు చేసిన అంకె దాగి ఉందేమో చూడటానికి కంట్రోల్‌తో పాటు ఒకటి అంకె ఎడమపక్కన ఉండే కీని నొక్కాలి. సెల్‌లన్నీ ఫార్ములాలుగా మారతాయి, మారనిది టైపు చేసిన అంకె.

మూలం షీట్‌లో అంకె మార్చినా ‘మొత్తం’ కదలకపోతే ఫార్ములాను నిందించే ముందు గణన పద్ధతి ‘మాన్యువల్’లో ఉందేమో చూడాలి. ఎక్సెల్ ఆ పద్ధతిని ఆ విడతలో మొదట తెరిచిన ఫైలు నుంచి తీసుకుంటుంది గనుక, ఎవరో పంపిన ఫైలును ముందు తెరిచినందుకు మన ఫైలు కూడా నిద్రపోవచ్చు. ఎఫ్9 నొక్కితే లేస్తుంది.

‘ఇఫ్‌ఎర్రర్’తో ప్రతి ఫార్ములాను చుట్టేసి తప్పు వస్తే సున్నా చూపించమనే అలవాటును నేను సమర్థించను. అది అరిచే తప్పును మౌనంగా ఉండే తప్పుగా మార్చే యంత్రం. శాంపిల్ ఇంకా తీయని వారంలో 1000ని సున్నాతో భాగించడం వల్ల వచ్చే సందేశం వంటి, కారణం ముందే తెలిసిన ఒకటి రెండు చోట్ల వాడవచ్చు. అప్పుడు కూడా సున్నా బదులు ‘శాంపిల్ లేదు’ అన్న మాట చూపిస్తే చూసేవారికి సంగతి అర్థమవుతుంది.

దీనికన్నా పనికొచ్చేది ‘మొత్తం’ షీట్‌లో ఒక సరిచూపు వరుస పెట్టుకోవడం. మేత బస్తాకు 25 కిలోలు అయితే, బిల్లుల ప్రకారం వచ్చిన బస్తాల నుంచి షెడ్డులో మిగిలిన బస్తాలను తీసేసి 25తో గుణిస్తే వాడిన మేత వస్తుంది. పై ఉదాహరణలోని 7,800 కిలోలకు 312 బస్తాలు. రోజువారీ నమోదు నుంచి లింకుల ద్వారా వచ్చిన మొత్తాన్ని దానితో పోలిస్తే, పరిధికి అందని 1,200 కిలోలు 48 బస్తాల తేడాగా అదే రోజు బయటపడతాయి. ఈ పోలికను సమానం గుర్తుతో నేరుగా చేయకూడదు, ఎందుకంటే దశాంశాలున్న అంకెలను కంప్యూటరు ద్విసంఖ్యా పద్ధతిలో దాచుకుంటుంది గనుక కంటికి సమానంగా ఉన్న రెండు మొత్తాల మధ్య పదో పదకొండో దశాంశ స్థానంలో తేడా మిగలవచ్చు. తేడాను ‘రౌండ్’ ఫంక్షన్‌తో కిలోకు సవరించి, అది సున్నా అయితే ‘సరి’ అనీ, కాకపోతే ఎన్ని బస్తాలో ఆ సంఖ్యనీ చూపించేలా రాసుకోవాలి.